కిటికీలాంటి పెద్ద అద్దాలు: హాల్లో ఏ గోడకి, పెరట్లో ఏ గోడకి?

మీ ప్రశ్న కొత్తగా చూసేవాళ్ళ కోసం క్లుప్తంగా: హనుమకొండలో 150 గజాల్లో పడమర ముఖం ఇల్లు. ముందు పోర్టికో ఉండటంతో హాల్లో పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. వెనక తూర్పున ఎనిమిదడుగుల వెడల్పున, ముప్ఫై అడుగుల పొడవున సన్నటి పెరడు. వంటింటి తలుపు ఆగ్నేయం వైపు పెరట్లోకి తెరుచుకుంటుంది, గిన్నెలు తోమే చోటు కూడా అక్కడే. హాల్లో ఒకటి, పెరట్లో వంటింటి తలుపుకి ఎదురుగా ఉన్న ప్రహరీకి ఒకటి, పైన కమాను, మధ్యలో అడ్డపట్టీలు ఉన్న కిటికీ ఆకారం అద్దాలు పెడదామని మీ ఆలోచన. అత్తయ్యగారికి వాస్తు పట్టింపు, మీవారికి పగులుతుందన్న భయం. ఆన్‌లైన్లో కొనాలా, చేయించాలా అన్నది ఆఖరి సందేహం.

నేను గ్లాస్ షాపులో కటింగ్ దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు ఇళ్ళకి అద్దాల పని, ఫ్రేముల పని చేయిస్తున్నవాణ్ణి. రెండు చోట్లా పెట్టుకోవచ్చు. కానీ పెరట్లో మీరనుకున్న గోడ వద్దు. రెండు చోట్లా ఉత్తరం గోడకే పెట్టించండి. ఎందుకో వివరంగా చెప్తాను.

అద్దం కొనడానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఫ్రేము గురించే అడుగుతారు. నల్ల ఇనుముదా, టేకుదా, కమాను గుండ్రంగానా కోసుగానా అని. అందులో ఏం కనబడాలి అన్నది ఎవరూ అడగరు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టాల చెక్కబొమ్మ చూసే ఉంటారు. ముందు నిలబడితే పొగరుగా నిలుచున్న మగమనిషి, వెనకున్న అద్దంలో తలదించుకున్న అమ్మాయి. ఆ అద్దం ఫ్రేము ఎలా ఉంటుందో చెప్పమంటే చూసినవాళ్ళలో ఒక్కరికీ గుర్తుండదు. అమ్మాయి మాత్రం గుర్తుంటుంది. మీ పెరట్లోనూ లెక్క అదే. వంటింటి తలుపుకి ఎదురుగా తూర్పు ప్రహరీకి అద్దం పెడితే మీకు కనబడేది తోట కాదు, మీ ఇంటి వెనకభాగం. డ్రైనేజీ పైపు, ఎగ్జాస్ట్ ఫ్యాను, గీజరు పైపు, తీగ మీద ఆరేసిన బట్టలు. ఇప్పటిదాకా వాటికి వీపు పెట్టి నిలబడుతున్నారు కాబట్టి కంటికి ఆనడం లేదు, రేపట్నుంచి అవే ఎదురుగా కనబడతాయి.

ఈ కిటికీ అద్దాల పద్ధతి పుట్టిందే తోట కోసం అనుకోవచ్చు. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ రాజభవనంలో అద్దాల హాలు 1678లో మొదలుపెట్టి 1684కి పూర్తిచేశారు. ఒకవైపు తోటలోకి తెరుచుకునే 17 కమాను కిటికీలు, వాటికి సరిగ్గా ఎదురుగా అవే కొలతల్లో 17 అద్దాల కమానులు. మొత్తం 357 అద్దాలు. పెద్ద పలక ఒకే ముక్కగా తయారుచేయడం అప్పట్లో చేతకాని పని కాబట్టి ముక్కలు పేర్చారు. అప్పుడు తప్పనిసరై వేసిన గళ్ళు ఇప్పుడు మనకి ఫ్యాషన్. అక్కడ అద్దాలకి ఎదురుగా ఉన్నది రాజుగారి తోట గనక అది చెల్లింది. మనకి ఎదురుగా ఏముందో చూసుకుని గోడ ఎంచుకోవాలి.

ముందు హాలు సంగతి. అద్దం వెలుగుని పుట్టించదు, ఉన్నదాన్ని తిప్పి పంపుతుంది, అంతే. తెల్లటి గోడ కూడా వెలుగుని తిప్పి పంపుతుంది, కాకపోతే అన్ని వైపులకీ చిమ్ముతుంది. అద్దం ఒకే దిక్కుకి పంపుతుంది. అందుకని చీకటి హాలుకి మొదటి మందు అద్దం కాదు. కిటికీ ముందున్న క్రోటన్ల గుబురు కత్తిరించండి, ముదురు రంగు కర్టెన్లు తీసి పల్చటివి వేయండి, పోర్టికో సీలింగుకి, హాలు సీలింగుకి తెల్ల రంగు కొట్టించండి. పోర్టికో సీలింగు చాలామంది మర్చిపోతారు. కింద నేల మీద పడిన వెలుగు ఆ సీలింగుకి తగిలే మీ కిటికీలోకి వస్తుంది. అక్కడ చెక్క రంగు ప్యానెల్ వేయించి ఉంటే సగం వెలుగు అక్కడే ఆగిపోతుంది. ఇవన్నీ అయ్యాక అద్దం పెడితే తేడా బాగా తెలుస్తుంది.

హాల్లో పడమర కిటికీకి ఎదురుగా, అంటే తూర్పు గోడకి పెట్టొద్దు. ఎండాకాలం సాయంత్రం నాలుగు దాటాక పోర్టికో కిందనుంచి వచ్చే వాలు ఎండ నేరుగా అద్దానికి తగిలి సోఫాలో కూర్చున్నవాళ్ళ కళ్ళల్లో పడుతుంది. పైగా గుమ్మం ఎదురుగా అద్దం అంటే అత్తయ్యగారు ఎలాగూ ఒప్పుకోరు. కిటికీకి పక్కగా ఉన్న ఉత్తరం గోడకి, కిటికీ నుంచి రెండు మూడడుగుల లోపే అద్దం మొదలయ్యేలా పెట్టించండి. అప్పుడు లోపల సోఫా మీద కూర్చున్నవాళ్ళకి అద్దంలో ఆ పడమర కిటికీయే మరోసారి కనబడుతుంది. గోడకి ఇంకో కిటికీ ఉన్నట్టే అనిపిస్తుంది, వెలుగూ గది లోపలి మూలకి వెళ్తుంది. వాస్తు చెప్పేవాళ్ళు అద్దానికి ఉత్తరం, తూర్పు గోడలు మంచివంటారు కాబట్టి ఇంట్లో గొడవా ఉండదు. వాస్తు మీద నా అభిప్రాయం ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఇంట్లో పెద్దవాళ్ళకి రోజూ మనసులో గుచ్చుకునే చోట మాత్రం ఎంత అందమైన అద్దమైనా బిగించను.

ఎత్తు విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. మన ఇళ్ళల్లో తలుపులకీ కిటికీలకీ పైఅంచు ఒకే వరసలో ఉంటుంది, ఏడడుగుల దగ్గర లింటెల్ పోస్తారు కాబట్టి. కిటికీ అడుగుభాగం మామూలుగా మూడడుగుల దగ్గర ఉంటుంది. మీ కిటికీ అద్దం కూడా పైన ఏడడుగులకి, కింద మూడడుగులకి సరిపోవాలి, అంటే నాలుగడుగుల ఎత్తు, మూడు లేదా నాలుగడుగుల వెడల్పు. అప్పుడే కన్ను దాన్ని కిటికీ అని నమ్ముతుంది. ఆన్‌లైన్లో కనబడేవి ఆరడుగుల కమాను అద్దాలు, నేల మీద ఆనించి పెట్టేవి. అవి బాగానే ఉంటాయి, కానీ హాల్లో పెట్టిన వారానికి ఇంటిల్లిపాదీ తల దువ్వుకునే అద్దమైపోతుంది. కమాను గురించి కూడా ఒక మాట. మీ ఇంటి కిటికీలన్నీ చదరంగా, నిలువు గ్రిల్లుతో ఉంటే ఒక్క అద్దానికి కమాను పెడితే అది ఎక్కడినుంచో తెచ్చి తగిలించినట్టే ఉంటుంది. నా మాట వింటే హాల్లో చదరం కిటికీ ఆకారమే చేయించండి. కమాను సరదా పెరట్లో తీర్చుకోవచ్చు.

అద్దంలో ఫ్యాను, టీవీ పడతాయేమో కూడా ముందే చూసుకోవాలి. తిరిగే ఫ్యాను అద్దంలో కనబడుతుంటే చూపు మాటిమాటికీ అటే పోతుంది, కొందరికి తలనొప్పి కూడా. ఏడడుగుల దగ్గర ఆపితే చాలావరకు ఆ బాధ తప్పుతుంది. పరీక్ష చాలా తేలిక. మీవారిని ఒక చేతి అద్దం గోడకి ఆనించి పట్టుకోమనండి, మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి. ఆయన దాన్ని గోడ మీద మెల్లగా జరుపుతుంటే ఎక్కడ ఏం కనబడుతుందో మీకే తెలుస్తుంది. చోటు కుదిరాక అదే కొలతకి న్యూస్‌పేపర్లు అతికించి రెండు రోజులు అలాగే వదిలేయండి. పెద్దదైందో, చిన్నదైందో, స్విచ్ బోర్డుకి అడ్డం వచ్చిందో అప్పుడే బయటపడుతుంది.

ఇక పెరడు. మీకున్నది ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉన్న సందు. ఇలాంటిచోట అద్దం పొడుగు గోడకి పెడితే వెడల్పు పెరిగినట్టు అనిపిస్తుందనుకుంటారు, కానీ ఎదురుగా ఇంటి గోడే ఉంది కాబట్టి రెండు గోడల మధ్య ఇరుక్కున్నట్టే ఉంటుంది. పొట్టి గోడకి, అంటే ఉత్తరం కొసన ఉన్న ఎనిమిదడుగుల గోడకి పెడితే ముప్ఫై అడుగుల సందు అరవై అడుగులయినట్టు కనబడుతుంది. వంటింటి తలుపు దగ్గర నిలబడి ఎడమకి తిరిగితే దూరంగా కొసన ఒక కిటికీ, ఆ కిటికీ అవతల ఇంకో తోట. ఈశాన్యం మూల తులసికోట ఉంటే దానికి పక్కగా వస్తుంది, పరవాలేదు.

కాకపోతే ఆ అద్దం దక్షిణం వైపు చూస్తుంది గనక మీరు గిన్నెలు తోమే చోటు అందులో పడే ప్రమాదం ఉంది. దానికి రెండు పనులు చేయండి. అద్దాన్ని గోడకి నడిమధ్యలో కాకుండా తూర్పు ప్రహరీ వైపుకి జరపండి. తర్వాత అద్దం పడమర అంచుని గోడ నుంచి రెండంగుళాలు ముందుకి వచ్చేలా ఫ్రేము కింద ప్యాకింగ్ పెట్టించండి. మూడడుగుల వెడల్పు అద్దానికి ఆ మాత్రం మలుపు చాలు. వంటింటి గుమ్మంలో నిలబడి చూసినప్పుడు మీరు మీకు కనబడరు, సింకూ కనబడదు, తూర్పు ప్రహరీ పొడవునా ఉన్న మొక్కలే కనబడతాయి. ఆ ప్రహరీ మీదకి సన్నజాజో రాధామనోహరమో పాకించండి, కింద పెద్ద ఆకుల మొక్కలు పెట్టండి. తీగ కొమ్మలు ఒకటి రెండు ఫ్రేము మీదకి వాలేలా వదిలేస్తే అద్దం ఎక్కడ మొదలైందో కంటికి అందదు. అడుగుభాగానికి ముందు రెండు కుండీలు తప్పనిసరి. నేల, అద్దం కలిసే గీత కనబడిందంటే అక్కడ అద్దం ఉందని వెంటనే తెలిసిపోతుంది.

ఎండ లెక్క కూడా ఈ గోడకే అనుకూలం. మనవైపు మే రెండో వారం దాటినప్పటినుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే దక్షిణం చూసే అద్దానికి మండుటెండల్లో మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలదు. చలికాలంలో తగులుతుంది, కానీ అప్పటి ఎండ ఎంతని! డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి ఆరడుగుల అద్దం నుంచి తిరిగొచ్చే ఎండ గోడకి అయిదారడుగుల లోపే నేల మీద పడుతుంది. పక్కింటివాళ్ళ మీదకి పోదు. ఆ కాస్త చోట మాత్రం ఫెర్నులూ కలేడియంలూ పెట్టకండి, మందారమో గులాబీయో పెడితే సంతోషిస్తాయి.

పక్కింటివాళ్ళ మాట ఊరికే అనలేదు. ఒక కాలనీలో మొదటి అంతస్తు బాల్కనీలో పడమర వైపు చూసేలా పెద్ద అద్దం పెట్టించుకున్నారు. సాయంత్రం ఎండ దానికి తగిలి ఎదురింటి వంటగదిలో పడేది. వాళ్ళు ఎండ గురించి ఏమీ అనలేదు, “మీ దిష్టంతా మా ఇంటి మీదకి తిప్పారు” అని గొడవకొచ్చారు. ఎంత చెప్పినా వినలేదు, చివరికి అద్దం తీయాల్సి వచ్చింది. అందుకే వీధికో ఎదురింటికో ముఖం చేసి బయట అద్దం పెట్టమంటే నేను ఒప్పుకోను. మీ పెరట్లో ఆ సమస్య లేదు.

ఎండకి అద్దం నిప్పు పెడుతుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. చదునైన అద్దం ఎండని ఒకచోటికి పోగుచేయదు, వచ్చినంతే పంపుతుంది. లోపలికి వంగిన ఉపరితలమైతే వేరే కథ. 2013లో లండన్‌లో వాకీటాకీ అని పిలిచే భవనం వంపు తిరిగిన గాజు ముఖం నుంచి వచ్చిన ఎండకి కింద పార్కు చేసిన కారు భాగాలే కరిగాయి. మన స్థాయిలో ఈ భయం యాక్రిలిక్ అద్దాలకే. వాటిని సరిగ్గా బిగించకపోతే కొన్నాళ్ళకి వంగుతాయి.

ఆ యాక్రిలిక్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీవారి పగుళ్ళ భయానికి చాలామంది ఇదే మందంటారు కాబట్టి. గాజులో సగం కన్నా తక్కువ బరువు, రాయి తగిలినా పెంకులై రాలదు, నిజమే. కానీ ఎండకి బాగా సాగుతుంది. ఆరడుగుల షీటు 30 డిగ్రీల తేడాకే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది. గాజు అందులో ఎనిమిదో వంతు కూడా సాగదు. సాగడానికి చోటు లేకుండా బిగిస్తే పొంగుతుంది, అందులో మొహం చూసుకుంటే జాతరలో నవ్వుల అద్దం చూసినట్టే. పైగా దుమ్ము పట్టిన గుడ్డతో రెండుసార్లు తుడిస్తే గీతలే గీతలు. చిన్నపిల్లలు బంతి ఆడే చోట, చిన్న చిన్న గళ్ళుగా చేయించేటప్పుడు యాక్రిలిక్ సరే. ఒకే పెద్ద పలకగా మాత్రం వద్దు. అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ షీటు ఇంకో దారి. వానకీ బంతికీ దేనికీ భయం లేదు, బొమ్మ కాస్త మసకగా, అలలుగా ఉంటుంది. తీగల వెనక పెడితే ఆ మసక కూడా అందమే. మీది హనుమకొండ కాబట్టి 304 గ్రేడు చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళు మాత్రం 316 అడగండి.

గాజు అద్దమే అనుకుంటే అయిదు మిల్లీమీటర్లది తీసుకోండి. బరువు లెక్క తేలిక: గాజు ఒక చదరపు మీటరుకి ప్రతి మిల్లీమీటరు మందానికీ రెండున్నర కిలోలు. హాల్లో నాలుగు బై మూడు అడుగుల అద్దం పద్నాలుగు కిలోలు, పెరట్లో ఆరు బై మూడు అయితే ఇరవై ఒక్క కిలోలు, ఫ్రేము కాకుండా. పగిలినా రాలకుండా వెనక ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించిన అద్దాలు దొరుకుతాయి, పిల్లలున్న ఇంట్లో అవే అడగండి. “టఫెన్ చేయించి ఇస్తాం” అని ఎవరైనా మామూలు అద్దం చూపించి అంటే నమ్మకండి. టఫెనింగ్‌కి, అంటే గాజుని గట్టిపరచడానికి, దాన్ని 600 డిగ్రీలు దాటించి వేడిచేస్తారు, వెండిపూత అక్కడే మాడిపోతుంది. టఫెన్ చేసిన గాజుకే తర్వాత పూత వేయాలి. అలాంటి అద్దం ఆర్డరు మీద తెప్పించాలి, ఖరీదూ ఎక్కువే.

బయట పెట్టిన అద్దాలు చెడేది వాన ముందు నుంచి పడి కాదు, వెనక నుంచి. మీ బాత్రూం అద్దం కింది మూల చూడండి, నల్లగా సాలెగూడు అల్లినట్టు మచ్చ ఉండే ఉంటుంది. గాజు వెనక పల్చటి వెండిపూత, దాని మీద కాపుగా పెయింటు ఉంటాయి. అంచు దగ్గర పెయింటు లేచినచోట చెమ్మ దూరి వెండిని తినేస్తూ లోపలికి పాకుతుంది. ప్రహరీ గోడ రెండు వైపులా తడిసేది కాబట్టి చెమ్మకి కొదవే లేదు. అందుకని బయట పెట్టే అద్దానికి నాలుగంచులూ పాలిష్ చేయించి, అంచులకి సీలర్ పట్టించాలి. కాపర్‌ఫ్రీ అని అమ్మే రకం చెమ్మకి ఎక్కువకాలం తట్టుకుంటుంది. వెండిపూత అద్దాలకి ఐఎస్ 3438 అని మన దేశ ప్రమాణం ఒకటుంది, షాపులో ఆ మాట అడిగి చూడండి, జవాబుని బట్టే షాపు తెలిసిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి సిలికాన్. షాపుల్లో చవగ్గా దొరికే సిలికాన్ ట్యూబు నొక్కితే వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆమ్లం పెయింటు దాటి వెండిని తింటుంది. కొన్ని నెలలకి అద్దం ముందు నుంచి చూస్తే సిలికాన్ బొట్టు పెట్టిన ప్రతిచోటా ఒక మచ్చ తేలుతుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తెప్పించండి, ట్యూబు మీద రాసి ఉంటుంది. పనివాడు “ఏదైనా ఒకటేనండీ” అంటాడు. ఒకటి కాదు.

పెరట్లో అద్దాన్ని నేరుగా గోడకి అంటించొద్దు. వెనక ప్లైవుడ్ కూడా వద్దు, ఒక వానాకాలానికే ఉబ్బుతుంది. ఏసీపీ షీటో (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) పీవీసీ బోర్డో వేసి, పౌడర్ కోటింగ్ చేసిన ఇనుప ఫ్రేములో కూర్చోబెట్టాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య కనీసం అరంగుళం గాలి ఆడాలి. మలుపు కోసం మనం ఎలాగూ ప్యాకింగ్ పెడుతున్నాం కాబట్టి మీకు అది అయినట్టే. ఫ్రేము అడుగు పట్టీలో అద్దం కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, నీళ్ళు కారిపోవడానికి రెండు రంధ్రాలు వేయించండి. పైన వాన జారిపోయేలా చిన్న చూరు పట్టీ ఉంటే మంచిది. ఆరడుగుల అద్దం నేల నుంచి అరడుగు పైకి ఉండాలి. కడిగిన నీళ్ళు ఎటూ చిందుతాయి.

గోడ ఇటుకదైతే మామూలు యాంకర్ బోల్టులు సరిపోతాయి. తెల్ల ఏఏసీ బ్లాకుల గోడైతే మేస్త్రీకి ముందే చెప్పండి, వాటికి వేరే పొడుగు నైలాన్ ప్లగ్గులు వాడాలి. మామూలువి బిగించినప్పుడు గట్టిగానే ఉంటాయి, తర్వాత బరువుకి మెల్లగా జారతాయి. హాల్లో పుట్టీ మీద డబుల్ సైడ్ టేపుతో అంటించే పని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. టేపు పట్టుకునేది పుట్టీని, గోడని కాదు.

గళ్ళ పట్టీల దగ్గర పనితనం బయటపడుతుంది. ఒకే అద్దం మీద పట్టీలు అంటించడం ఒక పద్ధతి, ఒక్కో గడికీ వేరే అద్దం ముక్క పెట్టడం ఇంకోటి. పట్టీలు అంటించినప్పుడు పక్కనుంచి చూడండి. అద్దం మెరిసే పూత వెనకవైపు ఉంటుంది కాబట్టి పట్టీ వెనకభాగం కూడా అద్దంలో కనబడుతుంది. పట్టీ ముందు వైపే నల్ల రంగు వేసి వెనక ఖాళీగా వదిలేస్తే ప్రతి పట్టీ పక్కనా ఒక తుప్పు గీతో, జిగురు గీతో కనబడుతుంది. పట్టీకి నాలుగు వైపులా రంగు వేయించండి. ముక్కల పద్ధతిలో ఈ బాధ లేదు. ఒక్కో ముక్క రవ్వంత తేడాగా కూర్చుంటుంది గనక ప్రతిబింబం గడి గడికీ కాస్త తెగి, పాత ఇంటి కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంటుంది. ఒకటి పగిలితే ఒకటే మార్చుకోవచ్చు. మీవారి భయానికి అసలు జవాబు ఇదే. పెరట్లో ముక్కలే పెట్టించండి, హాల్లో మీ ఇష్టం.

ఇంకా చవకైన, నాకు ఇంకా నచ్చిన దారి ఒకటుంది. పాత ఇళ్ళు కూలగొట్టిన కలప అమ్మే అడితీల్లో టేకు కిటికీలు రెక్కలతో సహా దొరుకుతాయి. చువ్వలు తీసేసి, చట్రంలో అద్దం కూర్చోబెట్టి, రెక్కలు సగం తెరిచినట్టు ఉంచితే ఏ ఆన్‌లైన్ అద్దమూ దాని ముందు నిలబడదు. రెక్కలుంటే ఇంకో లాభం కూడా ఉంది, ఊరెళ్ళేటప్పుడు మూసేయొచ్చు. చెద ఉందేమో మాత్రం స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూసి కొనండి.

మూసేయడం ఎందుకన్నానంటే, మీ ఊళ్ళో కోతులు. కోతి తన బొమ్మని ఇంకో కోతనుకుంటుంది, మీదకి దూకుతుంది, ఊరకే కూర్చోదు. కోతులు రోజూ వచ్చే వీధి అయితే పెరట్లో గాజు మానేసి స్టీలు షీటుకే వెళ్ళండి, లేదా రెక్కలున్న కిటికీ పెట్టి మీరు పెరట్లో ఉన్నప్పుడే తెరవండి. అప్పుడప్పుడూ వస్తాయంటే ముక్కల అద్దం, వెనక ఫిల్మ్ చాలు.

పక్షుల సంగతి నాకు ఇంకా పట్టింపు. పిచ్చుకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు గూళ్ళు కట్టే కాలంలో అద్దంలో కనబడిన పిట్టని పోటీదారు అనుకుని గంటల తరబడి పొడుస్తాయి. అద్దం మీద దుమ్ములో చిన్న చిన్న ముక్కు గాట్లు, కింది పట్టీ మీద రెట్టలు కనబడితే అదే సంగతి. అంతకన్నా ప్రమాదం వేగంగా వచ్చి గుద్దుకోవడం. అద్దంలో తోట కనబడితే అది తోటే అనుకుంటాయి. మన అలంకారం ఎంత బాగా కుదిరితే పిట్టకి అంత మోసం. అడుగు వెడల్పు గళ్ళు పిట్టని ఆపవు, రెండంగుళాల సందు ఉంటే గానీ అవి అడ్డుగా గుర్తించవు. అందుకని అద్దం ముందు నాలుగంగుళాల దూరంలో సన్నటి జాలీ కట్టి తీగ పాకించడం, లేదా రెండంగుళాలకొకటి చొప్పున సన్నటి నిలువు తాళ్ళు వేలాడదీయడం చేయాలి. చూడటానికి కిటికీ చువ్వల్లా బాగానే ఉంటుంది. మేత గిన్నె, నీళ్ళ తొట్టి అద్దం దగ్గర పెట్టకండి. పొడవడం మొదలైతే ఆ కొద్ది వారాలు పాత చీర కప్పేయండి.

తుడవడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మొక్కలకి పైపుతో నీళ్ళు కొట్టేటప్పుడు అద్దం మీద పడనీయకండి, బోరు నీళ్ళ ఉప్పు చుక్కలు ఆరాక ఒక పట్టాన పోవు. గుడ్డని మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండి తుడిచి, న్యూస్‌పేపరుతో ఆరబెట్టండి. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్ళు వాడకండి, అవి బోరు నీళ్ళకన్నా ఉప్పు. అమ్మోనియా ఉన్న స్ప్రేలు వద్దు. ఏ స్ప్రే అయినా గుడ్డ మీద కొట్టాలి గానీ అద్దం మీద కొట్టకూడదు, కారి కింది అంచులోకి దిగుతుంది.

ఆన్‌లైన్లో కొనాలా అంటే, హాలుకి కొనొచ్చు, పెరటికి వద్దు. హాలుకి కొనేటప్పుడు గాజు మందం ఎంతో రాసి ఉందో లేదో చూడండి, రాయకపోతే మూడు మిల్లీమీటర్లే అనుకోండి. ఫ్రేము ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) అయితే తడి గుడ్డ కూడా తగలనీయకూడదు. వచ్చాక ఎదురుగా నిలబడి తల అటూ ఇటూ కదుపుతూ అందులో కిటికీ గ్రిల్లు చూడండి. చువ్వలు పాములా కదిలితే వెంటనే తిప్పి పంపేయండి. “అవుట్‌డోర్” అని రాసినంత మాత్రాన పెరటికి పనికిరాదు, చాలావాటిలో ఫ్రేముకి వేసిన రంగే అవుట్‌డోర్, లోపలి అద్దం మామూలుదే. పెరటిది మీ ఊళ్ళోనే ఫ్యాబ్రికేషన్ షాపులో ఫ్రేము చేయించి, గ్లాస్ షాపువాడిని అక్కడికే పిలిపించి కొలత తీయించండి. ఫ్రేము చేశాకే అద్దం కోయించాలి, ముందే కాదు. చుట్టూ రెండేసి మిల్లీమీటర్లు వదులు ఉండాలి.

పెరటి ఉత్తరం గోడ ఫొటో ఒకటి, వంటింటి గుమ్మంలో నిలబడి అటు తీసింది ఒకటి, గోడ ఇటుకదో బ్లాకుదో కూడా రాసి పెట్టండి. అద్దం గోడ మీద ఎంత పక్కకి జరపాలో, ఏ అంచు కింద ఎంత ప్యాకింగ్ పెట్టాలో చూసి చెప్తాను. తూర్పు ప్రహరీ మీద తీగ ఇంకా లేకపోతే ముందు అది నాటండి, అద్దం దీపావళి దాటాక పెట్టించుకోవచ్చు. అప్పటికి వానలు తగ్గి గోడ ఆరి ఉంటుంది.